నికాన్ డి750: 93 మార్కుల్లో చేతికందేవి ఎన్ని?

నికాన్ డి750 స్పెసిఫికేషన్ల చిట్టా ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. 2014లో వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా బాడీ. 2020లో డి780 వచ్చాక షోరూముల్లోంచి మెల్లగా తప్పుకుంది, సెకండ్ హ్యాండ్‌లో మాత్రం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. కొనబోయేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అప్పటిదే, కెమెరా సెన్సర్లని పరీక్షించి మార్కులిచ్చే డీఎక్స్‌ఓమార్క్ సైటు గురించి. "డీఎక్స్‌ఓమార్క్‌లో దీనికి 93, కానన్ 5డి మార్క్ 3కి 81. అంటే ఫొటోలు అంత బాగొస్తాయా?"

రావు. అలాగని ఆ పన్నెండు మార్కుల తేడా అబద్ధమూ కాదు. అదంతా దాదాపు ఒకే చోట పోగుపడి ఉంది. ఐఎస్‌ఓ 100లో, అంటే కెమెరా వెలుగుని అతి తక్కువగా పెంచే సెట్టింగులో, తీసిన ఫ్రేములో, నల్లగా కనిపించే మూలల్లో. షట్టర్ కౌంట్ లక్ష దాటాక ఈ కెమెరా మీద మిగిలిన ఇష్టమంతా ఆ నీడల మీదే. చిరాకు కూడా వాటితోనే మొదలైంది. ఆ నీడల్ని నమ్మి ఫంక్షన్ హాల్లోకి వెళ్తే ఏమవుతుందో కింద చెబుతాను.

ముందు ఆ మార్కుల్ని విప్పి చూడాలి. పెద్ద అంకె కింద మూడు చిన్న అంకెలుంటాయి, చదవాల్సినవి అవే. పోర్ట్రెయిట్ పేరుతో ఇచ్చే రంగుల లోతులో డి750కి 24.8 బిట్లు, మార్క్ 3కి 24. ఆ తేడా ఒక బిట్టు కూడా లేదు, కంటికి ఆనదు. స్పోర్ట్స్ పేరుతో ఇచ్చే లో లైట్ ఐఎస్‌ఓలో 2956, 2293. వినడానికి ఆరువందల పైచిలుకు తేడా, స్టాపుల్లోకి (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) మారిస్తే మాత్రం మూడో వంతు స్టాపు కంటే కాస్త ఎక్కువ. డయల్ మీద ఒక్క క్లిక్కు. ఇక ల్యాండ్‌స్కేప్ పేరుతో ఇచ్చే డైనమిక్ రేంజ్‌లో (ఒకే ఫ్రేములో పట్టే వెలుగు నీడల మధ్య దూరం) 14.5 స్టాపులు, 11.7 స్టాపులు. తేడా 2.8 స్టాపులు. మొత్తం మార్కుల్ని పైకి లాగింది ఇదే.

ఆ పేర్లు పెట్టినవాళ్లు మనల్ని కొంత తప్పుదోవ పట్టించారు. స్పోర్ట్స్ అంకెకి ఆటల ఫొటోలతో సంబంధం లేదు. ఫోకస్ వేగం గానీ, సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది గానీ అందులో లేవు. సిగ్నల్‌కీ నాయిస్‌కీ (ఫొటోలో కలిసే చుక్కల రొద) మధ్య 30 డెసిబెల్స్, 9 స్టాపుల రేంజ్, 18 బిట్ల రంగు, ఈ మూడూ చెడకుండా నిలబడే గరిష్ఠ ఐఎస్‌ఓ ఎంతో చెబుతుంది, అంతే.

నీడల సంగతికి వద్దాం. గండికోటలో పొద్దున్నే పెన్నా లోయ మీద సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టి తీసే షాట్ ఈ సెన్సర్‌కి సరైన పరీక్ష. పైన ఆకాశం మండుతుంటుంది, కింద ఎర్రరాతి గోడలు ఇంకా చీకట్లోనే ఉంటాయి. 14 బిట్ రా (సెన్సర్ ఇచ్చినదాన్ని దిద్దకుండా దాచే ఫైలు), లాస్‌లెస్ కంప్రెస్డ్ పెట్టండి. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11. మీటరింగ్ హైలైట్ వెయిటెడ్, అంటే వెలుగు చోట్లు కాలిపోకుండా కొలిచేది, చుక్క పక్కన నక్షత్రం ఉన్న గుర్తు. పిక్చర్ కంట్రోల్ ఫ్లాట్‌లో ఉంచండి. రా ఫైలు మీద దాని ప్రభావం ఏమీ ఉండదు కదా అనిపిస్తుంది, నిజమే. కానీ వెనక తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ (వెలుగు నీడలు ఎంతెంతో చూపే గ్రాఫు) రా ఫైలుది కాదు, దాని లోపల ఉన్న జేపెగ్‌ది. వివిడ్‌లో పెడితే ఆకాశం తెల్లగా కాలిపోయిందని లేనిపోని భయం పెడుతుంది, మీరు ఇంకో స్టాపు తగ్గిస్తారు, ఆ స్టాపు నీడల్లోంచి పోతుంది. సూర్యబింబం నడుమ కాలిపోతే పోనివ్వండి. దాని చుట్టూ ఉన్న పసుపు వలయం దక్కేలా షట్టర్ సరిచూసుకోండి, 1/125 నుంచి 1/250 మధ్య ఎక్కడో తేలుతుంది.

ఇలా తీసిన ఫ్రేము తెర మీద చూస్తే లోయంతా తారు పోసినట్టు ఉంటుంది. పక్కనున్నవాళ్లు చూసి జాలిపడతారు.

ఆ ఫైలు లైట్‌రూమ్‌లో తెరిచి ఎక్స్‌పోజర్ +1.5, హైలైట్స్ −80, షాడోస్ +80 దగ్గర పెట్టండి. తారు కరిగి రాతి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటికొస్తాయి, పగుళ్లలో మొలిచిన తుప్పల పచ్చదనం పచ్చగానే ఉంటుంది, కింద నీటి గీత తెలుస్తుంది. గ్రెయిన్ ఉంటుంది, కానీ ఇసుక చల్లినట్టు సన్నగా, అంతటా ఒకేలా. మార్క్ 3 ఫైలులో నీడల్ని మూడు స్టాపులు ఎత్తితే గ్రెయిన్ కంటే ముందు చారలు కనిపిస్తాయి, నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, నేతగుడ్డని వెలుతురుకి పట్టి చూసినట్టు. గ్రెయిన్‌ని కన్ను సర్దుకుపోతుంది. చారల్ని సర్దుకోదు, ఒకసారి చూశాక అవే కనిపిస్తాయి.

దీనికి కారణం సంకేతాన్ని అంకెగా మార్చే చోటు. అప్పటి కానన్ బాడీల్లో పిక్సెల్ సంకేతం సెన్సర్ దాటి, బయటున్న చిప్పు దాకా వెళ్లాక అంకెగా మారేది. ఆ దారిలో ఎలక్ట్రానిక్ రొద కలిసేది. వెలుగున్న చోట ఆ రొద లెక్కలోకి రాదు, నీడల్లో సంకేతమే కొంచెం కాబట్టి దాన్ని మింగేస్తుంది. డి750 తరహా సెన్సర్లలో ఒక్కో నిలువు వరుసకీ సొంత కన్వర్టరు సెన్సర్ మీదే ఉంటుంది, దారి చిన్నది, రొద తక్కువ. కానన్ కూడా 2016లో 5డి మార్క్ 4 నాటికి ఆ పద్ధతికే వచ్చింది. దానికి రేంజ్ 13.6, మొత్తం 91 వచ్చాయి. అంటే పరీక్ష కొలిచినది నిజంగా ఉన్న తేడానే.

చేతిలో దీనివల్ల మారే పని ఏమిటంటే, మూడు ఫ్రేముల బ్రాకెటింగ్ (వేర్వేరు వెలుగుల్లో తీసి కలపడం) చాలాచోట్ల అక్కర్లేకుండా పోతుంది. మూడింటిని కలిపేటప్పుడు గాలికి ఊగిన కొమ్మ మూడుసార్లు కనిపించడం, లోయ అంచున తెల్లటి గీత పుట్టడం, ఇవన్నీ తప్పుతాయి. ఒకే ఫ్రేము, ఒకే ఫైలు.

మూడు స్టాపులు హాయిగా ఎత్తుకోవచ్చన్నట్టు రాశాను. అది లెన్స్ సహకరించినప్పటి మాట. స్కోరు సెన్సర్‌ది, దాని ముందున్న గాజుది కాదు. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు లెన్స్ లోపల వెలుగు చెదిరి చీకటి భాగాల మీద పలుచటి పాలలా పరుచుకుంటుంది. అలా చెదిరింది నూటికి ఒక పాలే అనుకోండి, నీడ ఆ వెలుగుకి ఆరున్నర స్టాపుల కింద ఆగిపోతుంది. దాని కిందికి సెన్సర్ చూడగలిగినా చూడటానికి అక్కడ చీకటి మిగలదు. మంచి కోటింగ్ ఉన్న లెన్స్‌లు ఇంతకంటే చాలా నయం, కానీ ముందు చవక యూవీ ఫిల్టరు, దాని మీద వేలిముద్ర ఉంటే ఎంత మంచి లెన్సైనా అంతే. ఎదురెండలో తీసేముందు ఫిల్టరు విప్పేయండి, గుడ్డతో తుడవండి, హుడ్ తగిలించండి, సూర్యుడు ఫ్రేము బయట ఉంటే టోపీతో నీడ పట్టండి. ఎఫ్/11 దగ్గర సెన్సర్ మీది దుమ్ము చుక్కలు కూడా ఆకాశంలో తేలతాయి. ఇక నాలుగు స్టాపులు దాటించి ఎత్తితే ఏ సెన్సర్ ఫైలైనా నలుపులు రంగు మారతాయి. కాబట్టి అసలు పనికొచ్చేది మూడు అనుకుని, బ్లాక్స్ −10 దగ్గర కొంత నలుపు ఉండనిస్తే మేలు. లోయన్నాక నీడ ఉండాలి కూడా.

ఇప్పుడు ఫంక్షన్ హాలు.

రాత్రి ముహూర్తం, స్టేజి మీద రంగుల ఎల్‌ఈడీలు, మండపం పైన పూల మధ్య చిన్న దీపాలు, ఎదురుగా వీడియో లైటు. పట్టుచీర జరీ ఆ వీడియో లైటుకి తళుక్కుమంటుంది, వెనక నిలబడ్డ మేనమామల కోట్లు నల్లగా ఉంటాయి. గండికోట అలవాటు ఇక్కడ ఏం చెబుతుందంటే, జరీ కాలిపోకుండా రెండు స్టాపులు తక్కువగా తీసేయ్, నీడలు తర్వాత లేపుకోవచ్చు, 14.5 ఉంది కదా. ఐఎస్‌ఓ 3200, ఎఫ్/2.8, 1/125లో అలా తీసిన ఫైలుని ఇంట్లో రెండు స్టాపులు ఎత్తి చూడండి. జడ నల్లగా ఉండదు, గోధుమ రంగు, ఊదా రంగు మచ్చలు కలిసి ఉంటాయి. మెరూన్ అంచులో జరీ బుటా కరిగిపోయి ఉంటుంది. ముఖాల మీద చామనఛాయ మట్టిరంగులోకి తిరుగుతుంది. నాయిస్ తగ్గించే స్లైడర్ లాగితే మచ్చలు పోతాయి, వాటితో పాటే చర్మం పోయి మైనం మిగులుతుంది. పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ చూసి "మా అమ్మాయి ఇలా లేదే" అనేది సరిగ్గా ఈ ఫొటోలు చూసే.

సెన్సర్ చెడిపోలేదు. 14.5 అనే అంకె ఐఎస్‌ఓ 100కి మాత్రమే చెందింది. ఐఎస్‌ఓ ఒక్కో స్టాపు పెంచినప్పుడల్లా రేంజ్ సుమారు ముప్పావు స్టాపు కరుగుతుంది. 3200కి వచ్చేసరికి పదకొండు లోపే మిగులుతుంది. ఆ పరీక్షలోనే ఐఎస్‌ఓ వారీగా గీసిన గ్రాఫు ఉంటుంది, ఎక్కువమంది తెరవనిదీ అదే. అందులో డి750 గీతా, మార్క్ 3 గీతా ఐఎస్‌ఓ 100 దగ్గర బాగా దూరంగా మొదలై, 1600 దాటాక బాగా దగ్గరికొస్తాయి. అంటే పన్నెండు మార్కుల తేడా హాలు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అక్కడ నాయిస్ ఎక్కువగా కెమెరా లోపలి రొద వల్ల వచ్చేది కాదు, వెలుగే తక్కువ పడటం వల్ల వచ్చేది. ఏ కంపెనీ కన్వర్టరు పెట్టినా లేని వెలుగుని పుట్టించలేదు.

హాల్లో చేయాల్సింది ముఖానికి ఎక్స్‌పోజ్ చేయడం. జరీలో అక్కడక్కడా తెల్లటి మెరుపు కాలితే నష్టం లేదు, అది మెరుపే. తర్వాత లెన్స్. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/1.8కి వస్తే 1.3 స్టాపుల వెలుగు, పైన చూసిన స్పోర్ట్స్ తేడాకి మూడు రెట్లు పైనే. బాడీ మార్చే డబ్బులో కొంతతో 85 ఎంఎం ఎఫ్/1.8 వస్తుంది. కాకపోతే దానికీ ఒక లెక్క ఉంది. మూడు మీటర్ల దూరంలో ఆ లెన్స్‌కి ఎఫ్/1.8 దగ్గర ఫోకస్ లోతు సుమారు 13 సెంటీమీటర్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒక ముఖం, దాని మీద చెయ్యి, అవతల ఇంకో ముఖం, అన్నీ 13 సెంటీమీటర్లలో సర్దుకోవు. జంటకి ఎఫ్/4 కావాలి, అప్పుడు లోతు ముప్పై సెంటీమీటర్ల దాకా వస్తుంది, వెలుగు మళ్లీ పోతుంది. సీలింగ్ తెల్లగా ఉంటే ఫ్లాష్ పైకి తిప్పి కొట్టి ఐఎస్‌ఓ 800కి దిగండి. ఏ సెన్సర్ మార్కులూ ఇవ్వలేని రెండు స్టాపులు అక్కడ వస్తాయి. సీలింగ్ ముదురు రంగుదైతే, లేదా షామియానా కిందైతే, తిప్పి కొట్టిన వెలుగు తిరిగి రాదు, రంగు కూడా పూసుకొస్తుంది. అప్పుడు స్టాండ్ మీద గొడుగు పెట్టక తప్పదు.

ఎల్‌ఈడీల గురించి ఇంకో మాట. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా చవక దీపాలు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతాయి. 1/200లో తీస్తే ఒక ఫ్రేము ప్రకాశంగా, తర్వాతది మందంగా వస్తుంది, కొన్నిసార్లు ఒకే ఫ్రేములో పై సగం ఒక రంగు, కింది సగం ఇంకో రంగు. 1/100 లేదా 1/50కి దిగితే చాలావరకు పోతుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు 1/100 చాలదు, చేతులు చెదిరిపోతాయి, ఏదో ఒకటి వదులుకోవాలి. నీలం ఎల్‌ఈడీ ముఖం మీద పడితే నీలం ఛానెల్ ఒక్కటే కాలిపోయి, మామూలు తెల్ల హిస్టోగ్రామ్ మాత్రం ఏమీ జరగనట్టు ఉంటుంది. మూడు రంగులు విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, నీలం గీత కుడి గోడకి తగిలితే రెండు మూడు క్లిక్కులు తగ్గించండి. ఆటో వైట్ బ్యాలెన్స్ కంటే 3800 కెల్విన్ దగ్గర ఒకచోట కట్టేస్తే ఆల్బమ్ డిజైనర్‌కి పని తేలిక. రంగుల లోతు 24.8 బిట్లన్న మాట ఇక్కడ గుర్తుకు కూడా రాదు.

ఆల్బమ్ అన్నాను కాబట్టి ప్రింటు సంగతి. బిట్టుకొక స్టాపు లెక్కన 14 బిట్ ఫైలులో 14.5 స్టాపులెలా పడతాయని చాలామంది ఎగతాళి చేస్తారు. మోసమేమీ లేదు. ఆ పరీక్షలో ప్రింట్, స్క్రీన్ అని రెండు లెక్కలుంటాయి. మార్కులిచ్చేది ప్రింట్ లెక్కలో, అంటే ఎన్ని మెగాపిక్సెల్స్ ఉన్నా 8కి కుదించాక. 24ని 8కి కుదిస్తే పిక్సెళ్లు కలిసి నాయిస్ సగటు పడుతుంది, 0.8 స్టాపు దాకా కలిసొస్తుంది. పిక్సెల్ లెక్కలో ఇది 13.7 కెమెరా. 8 మెగాపిక్సెల్స్ అంటే 300 డీపీఐలో 8×12 అంగుళాల ప్రింటు. తెరిచిపెడితే 12×36 అంగుళాలుండే మన కరిజ్మా ఆల్బమ్‌లో ఒక పేజీ నిండా ఒకే ఫొటో వేస్తే అది 12×18, దానికి 19 మెగాపిక్సెల్స్ పైనే కావాలి. కుదింపు దాదాపు లేదు, కాబట్టి ఆ కలిసొచ్చే భాగమూ దాదాపు రాదు. అదే ఫొటో వాట్సాప్‌లో పంపితే ఐఎస్‌ఓ 6400 కూడా పాలరాయిలా ఉంటుంది. ఎక్కడ చూస్తారన్నది తేలకుండా మార్కుల గురించి కొట్టుకోవడం దండగ.

మార్కుల్లో లేనివి చాలా ఉన్నాయి. దీనికి ముందొచ్చిన డి600కి 94 వచ్చాయి, డి750 కంటే ఒకటి ఎక్కువ. ఆ మోడల్ సెన్సర్ల మీద చుక్కలు పడుతున్నాయని తేలాక నికాన్ ఉచితంగా సర్వీసు చేసిచ్చింది, 2013లోనే డి610 తెచ్చింది. మార్కులు మాత్రం 94గానే ఉన్నాయి. డి750లో నిజంగా రోజూ పనికొచ్చేది −3 ఈవీ (వెలుగు కొలత) దాకా చీకట్లో ఫోకస్ పట్టే గుణం, హోమం వెలుగులో కూడా పట్టుకుంటుంది. రోజూ విసిగించేది ఆ 51 ఫోకస్ పాయింట్లూ నడిమధ్యన గుంపుగా ఉండటం. ఫోకస్ పట్టి ఫ్రేము జరిపితే ఎఫ్/1.8లో కన్ను తప్పి చెవి పదునుగా వస్తుంది. వీటికి ఆ మార్కుల పట్టికలో గడి లేదు.

మీ చేతిలో ఉన్న బాడీ సంగతి తెలుసుకోవడానికి అరగంట చాలు. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, గదిలో కిటికీ, దాని పక్కన నల్లటి గుడ్డ, దాని ముందు ఒక పుస్తకం వచ్చేలా ఫ్రేము కట్టండి. మాన్యువల్‌లో ఎఫ్/8, షట్టర్ ఒకటే ఉంచి ఐఎస్‌ఓ 100, 400, 1600లో మూడు రా ఫైళ్లు తీయండి. ఐఎస్‌ఓ 1600కి గుడ్డ సరైన వెలుగులో ఉండేలా షట్టర్ ఎంచుకోవాలి, లేకపోతే పోలిక చెడుతుంది. తర్వాత మొదటిదాన్ని నాలుగు స్టాపులు, రెండోదాన్ని రెండు స్టాపులు ఎత్తి, మూడింటిలో గుడ్డ మడతల్ని నూటికి నూరు శాతంలో చూడండి. మూడూ దాదాపు ఒకేలా ఉంటే ఆ సెన్సర్‌ని నీడల్లో నమ్మొచ్చు, ఐఎస్‌ఓ పెంచకుండా హైలైట్లు కాపాడుకోవచ్చు. డి750లో తేడా వెతికితే తప్ప కనపడదు. మొదటిదాంట్లో చారలొస్తే ఆ బాడీతో ఐఎస్‌ఓ కెమెరాలోనే పెంచి తీయాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష చేయొచ్చు, అమ్మేవాళ్లు అరగంట ఓపిక పడితే.

తీర్పు అడిగితే, అది మీరు తీసేదాన్ని బట్టి ఉంటుంది. నా ఫైళ్లలో సగం తెల్లవారుజామున బయట తీసినవి, రా తప్ప ఇంకేదీ వాడను, ట్రైపాడ్ మోయడం ఇష్టం లేదు. అందుకని ఆ 2.8 స్టాపులు నాకు మిగతా అన్నిటికంటే విలువైనవి, ఇన్నేళ్లయినా ఈ బాడీని అమ్మబుద్ధి కావడం లేదు. పెళ్లిళ్లే వృత్తిగా ఉండి, జేపెగ్‌లు నేరుగా ల్యాబ్‌కి పంపేవాళ్లు, చేతిలో మార్క్ 3, దాని లెన్స్‌లూ ఉంటే, ఈ మార్కుల కోసం కంపెనీ మారాల్సిన పని కనపడదు. నీడల స్లైడర్ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లకి 93, 81 ఒకటే. కొత్తగా మొదలుపెడుతూ పాత డి750 బాడీ, 85 ఎఫ్/1.8, ఒక మంచి ఫ్లాష్ కలిపి కొనగలిగితే అది వేరే లెక్క. బాడీ ఒక్కటే కొనగలిగి, కిట్ లెన్స్‌తో హాల్లోకి దిగేట్టయితే కొన్నాళ్లు ఆగి చూడండి.